మూడని చెప్పి రెండే పంపింది

ఒలెసున్ రేవులో చేపల పడవలకు లోతు చూపే పరికరాలు చేసే చిన్న కంపెనీ ఒకటి ఉండేది. అందులో ఒడ్‌బ్యోర్న్ పద్నాలుగేళ్లుగా ప్రోగ్రాములు రాస్తున్నాడు. తెర మీద అంకెలు చూపే ఫంక్షన్, అంటే ప్రోగ్రాములో ఆ పని చేసే ముక్క, అతనిదే. దానికి ఎన్ని విలువలైనా పంపవచ్చు. ఎన్ని పంపుతున్నామో మాత్రం ముందే చెప్పాలి. చెప్పిన మాట నమ్మి అది ఒక్కొక్కటే అందుకుంటుంది. మూడని చెప్పి రెండే పంపితే, మూడోదాని చోట మెమరీలో ఏ చెత్త పడి ఉంటే అదే తెచ్చి చూపిస్తుంది.

"దాని లోగుట్టు ఒడ్‌బ్యోర్న్‌కే ఎరుక" అనేవారు అందరూ, సోల్‌రున్ వచ్చేదాకా.

ఇరవై ఆరేళ్ల సోల్‌రున్ చేరిన రెండు నెలలకే ఆ ఫంక్షన్ చదివేసి, కాఫీ బల్ల దగ్గర అందరికీ విప్పి చెప్పింది.

"ఇన్నేళ్లకి నా బుర్రకెక్కింది తల్లీ!" అన్నాడు యజమాని హాల్వ్‌దాన్.

ఒడ్‌బ్యోర్న్ తింటున్న రొట్టె పక్కన పడేశాడు. తాను చెప్పినన్నాళ్లూ ఆవలించిన మనిషి!

ఆనాటినుంచి ఆమె రాసిన ప్రతి వరుసనూ తప్పు కోసమే చదివాడు. ఒక మంగళవారం దొరికింది. నీటి ఉష్ణోగ్రత, పడవ వేగం, అడుగు లోతు అని మూడు చెప్పి, రెండే పంపింది. లోతు మరిచిపోయింది. అతనికి కడుపు నిండినట్టయింది. వెంటనే చెబితే ఏం సరదా? పరికరాన్ని పడవలో పరీక్షించేది శుక్రవారం మధ్యాహ్నం; ఆ ఉదయం అందరూ వాఫిళ్లనే తీపి అట్లు తినే వేళ చెబుదామని దాచుకున్నాడు.

గురువారం ఉదయం ఆమె బల్ల ఖాళీగా కనిపించింది.

"సోల్‌రున్ ఏదీ?"

"పడవెక్కింది. పరీక్ష ఒకరోజు ముందుకు జరిపారుగా" అంది గుమస్తా.

ఒడ్‌బ్యోర్న్ రేడియో గదికి పరుగెత్తాడు. "లోతు నమ్మకండి! ఆ అంకె అబద్ధం!"

"తెర నాలుగొందల మీటర్లంటోంది, నాకేమో ఎదురుగా రాళ్ల మీద నురగ కనిపిస్తోంది. నేనప్పుడే ఇంజన్ ఆపేశాన్లే" అని పడవ నడిపే ఆయన గొంతు వినిపించింది.

ఒడ్డుకు దిగిన సోల్‌రున్ నేరుగా అతని దగ్గరికి వచ్చింది. "ఎప్పుడు చూశావు?"

"మంగళవారం."

"తప్పు చేసింది నేనే. దాచింది మాత్రం నువ్వు."

అతను తలెత్తలేదు. "క్షమించు. నువ్వంటే కుళ్లు నాకు."

"తెలుసు. అందరికీ తెలుసు."

సోమవారం ఆమె ఒక ఉపాయం చెప్పింది. విలువల చివర ఎన్నడూ రాని అంకె ఒకటి పెడితే, అది కనబడగానే ఫంక్షన్ ఆగిపోతుంది, ఎన్ని పంపుతున్నామో ముందే చెప్పనక్కర్లేదు. ఇది తనకెందుకు తట్టలేదని ఒడ్‌బ్యోర్న్ ఒళ్లు మళ్లీ మండింది. అయినా కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. సాయంత్రానికి ఇద్దరూ కలిసి పూర్తి చేశారు. హాల్వ్‌దాన్ వచ్చి ఆమెనొక్కదాన్నే మెచ్చుకున్నాడు. ఒడ్‌బ్యోర్న్ కోటు తొడుక్కుని, ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయాడు.