గ్రహణం నాటి కత్తెర

ధర్మవరంలో మంజులత మీదున్న కేసు ఏ కోర్టుకూ ఎక్కలేదు గానీ, ఏళ్ళ తరబడి రోజువారీ విచారణలో ఉంది. న్యాయమూర్తి అత్త ఓబులమ్మ. ఫిర్యాదీ, సాక్షీ కూడా ఆవిడే. నేరం: కడుపుతో ఉండగా సూర్యగ్రహణం వేళ మగ్గం మీద పట్టుపోగును కత్తెరతో కత్తిరించడం. పర్యవసానం: కూతురు వెన్నెలకు నడక ఆలస్యం, మాట మరీ ఆలస్యం, గుండెలో చిన్న రంధ్రం. మంజులత వాదించడం ఎప్పుడో మానేసింది.

బెంగళూరుకు పంపిన రక్తపరీక్ష ఫలితం వచ్చిందని హిందూపురం డాక్టర్ హేమలత కబురు పెట్టినప్పుడు మాత్రం, ఇక విడుదలేమోనని ఆమెకు ఆశ పుట్టింది. తీర్పు వినడానికి అత్త కూడా వెంట బయలుదేరింది.

నేతవాళ్ళని తెలిసి డాక్టరు మగ్గం మాటల్లోనే చెప్పింది.

“డీఎన్‌ఏ ఒక పోగు అనుకోండమ్మా. హిస్టోన్లనే కండెలకు చుట్టుకొని ఉంటుంది. ఆ కండెల మీద మిథైల్ అని చిన్న ముడులుంటాయి. కొన్ని ముడులున్న చోట పోగు విప్పుకోదు, అక్కడి పని సాగదు. బిడ్డకు గుండె, మెదడు తయారయ్యే వేళ ఆ ముడులు తీయడానికి కేడీఎం సిక్స్ ఏ అనే ప్రోటీన్ ఉంది. దాంట్లో చిన్న గూడు, గూట్లో ఒక్క ఇనుప అణువు. ఆక్సిజన్ సాయంతో ముడిని ఊడదీసేది అదే. పాపకు ఆ ప్రోటీన్, గూడు ఏర్పడకముందే, సగంలోనే ఆగిపోతోంది. ఇది తల్లి నుంచీ రాలేదు, తండ్రి నుంచీ రాలేదు. ఎవరి తప్పూ కాదు.”

ఇంత ప్రసంగంలో ఓబులమ్మ చెవిన పడింది ఒక్క మాట.

“ఇనుమా తల్లీ?”

“అవునమ్మా, ఇనుమే.”

“చాలు,” అని ఆవిడ లేచింది.

తిరుగు రైలు పెనుకొండ చేరకముందే పెట్టె మొత్తానికి సంగతి తెలిసిపోయింది.

“కడుపుతో ఉన్నెప్పుడు గ్రహణం పూట కత్తెర పట్టిందప్పా ఈయమ్మ. పిల్ల లోపల ఇనుము ఉండాదని డాక్టరమ్మే చెప్పె!”

ఎదుటి సీట్లోని పరిగి శనక్కాయల వ్యాపారి గంభీరంగా తలూపాడు. “మన పెద్దోళ్ళకు తెలీని సైన్సు యాడుండాదిలేమ్మా.”

ఒళ్ళో వెన్నెల నిద్రపోతోంది. చాన్నాళ్ళకు మంజులత నోరు విప్పింది.

“అత్తా, ఇనుము ఎక్కువై కాదు. ఇనుముండే ఆ గూడే తయారు కాలేదంట. ఆడ ఇనుము లేకనే ముడులు ఊడలేదంట.”

ఓబులమ్మ పెనుకొండ దాటేదాకా ఆలోచించింది.

“అట్లయితే ఆ పొద్దు కత్తెర ఇంగ కొంచేపు పట్టుకోనుండాల్సింది గదే!”

మంజులతకు నవ్వు రావలసింది. ఆవలింత వచ్చింది.

ఇల్లు చేరగానే మగ్గం మీది కత్తెర, తీర్పు అమలులో భాగంగా, వెన్నెల దిండు కిందికి వెళ్ళింది. మంజులత తెగిన పోగును ముడేసి, మిగిలిన కొసను పళ్ళతో కొరికి, నేత సాగించింది.