బాత్‌రూములో పేషెంటు

ముప్ఫై ఆరేళ్లు పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా పనిచేసి రిటైరైన ఆమెను వీధి వీధంతా సిస్టరమ్మ అనే పిలిచేది. భర్త మామూలుగా ఏమోయ్ అనేవాడు. భయం వేసినప్పుడు మాత్రం ఆయన నోటా సిస్టరమ్మా అనే వచ్చేది. ఆయన టైలరు. ఇంటి ముందు గదిలోనే కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, గోడకు వేలాడే సగం కుట్టిన చొక్కాలు.

రిటైరైన మొదటి నెలలో సిస్టరమ్మ వంటింట్లోని డబ్బాలన్నిటికీ లేబుళ్లు అంటించింది. రెండో నెలలో డబ్బాలు అయిపోయి భర్త మీద పడింది. పొద్దునా సాయంత్రం ఆయనకు బీపీ చూడడం మొదలుపెట్టింది. చూసిన కొద్దీ అది పెరుగుతూ పోయింది.

“నాకు బీపీ లేదమ్మా. మీ అమ్మ ఆ పట్టీ పట్టుకుని వస్తుంటే వస్తోంది,” అని ఆయన కూతురికి ఫోన్లో మొరపెట్టుకున్నాడు.

కూతురు ఆలోచించింది. ఆ ఆదివారం మూత ఉన్న ప్లాస్టిక్ టబ్బు ఒకటి చంకన పెట్టుకుని వచ్చింది. అందులో సగం దాకా ఎరువు, దాని మీద నాలుగు వేళ్ల మందాన నల్లమట్టి.

“దీంట్లో పుట్టగొడుగులు వస్తాయమ్మా. చల్లగా, చీకటిగా ఉండే చోట పెట్టు. అప్పుడప్పుడు కాస్త తడి చల్లితే చాలు.”

ఆ ఇంట్లో చల్లగా, చీకటిగా ఉండే చోటు బాత్‌రూమొక్కటే. టబ్బును వాష్‌బేసిను కింద పెట్టారు.

మొదటి కాపు ఎవరినీ కష్టపెట్టలేదు. మూడు వారాల్లో తెల్లగా, గుండ్రంగా ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. సిస్టరమ్మ ఒక్కొక్కదాన్నీ మెలితిప్పి కోసి, కింది వాటా వాళ్లకు ఒక గిన్నెడు ఇచ్చి, మిగిలినవి మిరియాలు వేసి వేయించింది. టైలరు మూడుసార్లు వడ్డించుకున్నాడు. ఆ వారం ఆయనకు ఎవరూ బీపీ చూడలేదు.

చిక్కంతా ఆ తర్వాత మొదలైంది. కోత అయ్యాక టబ్బులో తెగిన మొదళ్లు, గుంటలు పడిన మట్టి తప్ప ఇంకేమీ లేవు. సిస్టరమ్మ కూతురికి ఫోన్ చేసింది.

“రెండో కాపుకి వారం పది రోజులు పడుతుందమ్మా. ఆ మొదళ్లు తీసేసి, గుంటల్లో కాస్త మట్టి నింపి, గాలి తగిలేలా మూత కొంచెం తెరిచిపెట్టు. ఇక దాని జోలికి పోకు.”

మొదళ్లు తీసెయ్యడం దాకా సిస్టరమ్మ శ్రద్ధగా వింది. మిగిలింది చెవికెక్కలేదు. ఆపరేషనైన పేషెంటును పది రోజులు గాలికి వదిలేసిన పాపాన ఆమె సర్వీసులో ఎన్నడూ పోలేదు.

బీరువాలోంచి పాత ఫోర్సెప్సు తీసి, చేతులకు గ్లౌజులు తొడుక్కుని, మొదళ్లన్నీ ఒక్కొక్కటే పీకింది. గుంటలు పూడ్చి, మట్టి గట్టిపడకుండా వేళ్లతో మెల్లగా సర్దింది. మూత బిగించి, దాని మీద తడి టవలు నాలుగు మడతలు వేసి కప్పింది. లోపల థర్మామీటరు పెట్టింది. బాత్‌రూము తలుపుకి చార్టు అంటించింది. ఉష్ణోగ్రత, తడి, రంగు, వాసన, రోజుకు నాలుగు పూటలు. నీళ్లు చల్లడానికి టైలరు ఇస్త్రీ సీసా స్వాధీనం చేసుకుంది.

“మరి నా ఇస్త్రీ?” అన్నాడు టైలరు.

“నోటితో చల్లుకోండి. మీ నాన్నగారు అలాగే చేసేవారట కదా.”

స్నానానికి పావుగంట టైము ఇచ్చింది, అదీ చన్నీళ్లతో.

“వేన్నీళ్ల ఆవిరి దానికి పడదండీ.”

“చన్నీళ్లు నాకు పడతాయా?”

“మీకేం, గుండ్రాయిలా ఉన్నారు.”

మూడో రోజు మట్టి మీద ఒక మూల గోరంత ఆకుపచ్చ మచ్చ కనిపించింది. బూజు. సిస్టరమ్మ ముఖం మారిపోయింది. ఆ మచ్చ మీద ఉప్పు వేసి, చుట్టూ ఉన్న మట్టితో సహా చెంచాతో ఎత్తి కాగితంలో చుట్టి పారేసి, మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుంది. అప్పటినుంచి బాత్‌రూములోకి చెప్పులతో పోవడం నిషేధం. టైలరు పళ్లు తోముకోవడం పెరటి కుళాయి దగ్గరికి మారింది.

ఒకరోజు కొత్త ప్యాంటు వేసుకుని చూడడానికి వచ్చిన పోస్ట్‌మాను చేతులు కడుక్కుంటానని లోపలికి రాబోయాడు. టైలరు కంగారుగా అడ్డం పడ్డాడు.

“వద్దండీ, లోపల పేషెంటు ఉంది.”

“అయ్యో, ఏమైంది?” పోస్ట్‌మాను గొంతు తగ్గించాడు.

“ఆపరేషను లాంటిది. రెస్టులో పెట్టాం.”

మర్నాడు పోస్ట్‌మాను ఉత్తరాలతో పాటు అరడజను కమలాపళ్లు తెచ్చిచ్చి, పేషెంటును అడిగానని చెప్పమన్నాడు. నిజం చెప్పే ధైర్యం లేక టైలరు ఆ పళ్లన్నీ మిషను వెనక కూర్చుని తానే తిన్నాడు.

ఆరో రోజుకీ టబ్బులో చలనం లేదు. సిస్టరమ్మ తడి చల్లడం నాలుగు పూటల నుంచి ఎనిమిదికి పెంచింది. చల్లిన నీళ్లలో సగం నేల మీదే పడేవి. ఏడో రోజు మధ్యాహ్నం సీసా చేతిలో ఉండగానే కాలు జారింది. ధబ్బున చప్పుడు విని టైలరు పరిగెత్తుకొచ్చేసరికి ఆమె నేల మీద కూర్చుని తన చీలమండను తానే నొక్కి చూసుకుంటోంది.

“విరిగింది,” అంది ప్రశాంతంగా. “ఆటో పిలవండి. ముందు ఈ నీళ్లు తుడవండి, మీరు కూడా పడతారు.”

చేతికి అందిన గుడ్డతో ఆయన నేల తుడిచాడు. ఆ గుడ్డ టబ్బు మీది టవలు. దాన్ని లాగినప్పుడు మూత పక్కకి ఒరిగింది. అది చూసే తీరిక ఎవరికుంది.

తీసుకెళ్లింది ఆమె పనిచేసిన ఆసుపత్రికే. ఎముకకు ప్లేటు వేసి ఆరు రోజులు ఉండాలన్నారు. పడుకోబెట్టింది ఆమె పాత వార్డులోనే. అక్కడిప్పుడు ఇన్‌ఛార్జి చిన్న సిస్టరు. ఒకప్పుడు సిస్టరమ్మ చేతిలో చీవాట్లు తిని పని నేర్చుకున్న పిల్ల.

“ఈ దుప్పటి మూల సరిగా మడవలేదు,” అంటూ సిస్టరమ్మ లేవబోయింది.

“మేడమ్, కదలకండి. పడుకోవడమే మీ పని.”

“ఊరికే పడుకుంటే ఎలా తల్లీ?”

“ఎముక అతికే పని అదే చేసుకుంటుందని మాకు చెప్పింది మీరే మేడమ్.”

సిస్టరమ్మ తల మళ్లీ దిండు మీద ఆనించింది. కానీ సాయంత్రం భర్త రాగానే మొదటి ప్రశ్న టబ్బు గురించే.

“టెంపరేచరు ఎంతుంది?”

“పద్దెనిమిది,” అన్నాడు టైలరు.

“తడి?”

“మధ్యస్థం.”

“వాసన?”

ఆయన కాసేపు ఆలోచించాడు. “మర్యాదగానే ఉంది.”

“రేపటి నుంచి చార్టు తెచ్చి చూపించండి.”

రోజూ ఆయన చార్టు తెచ్చాడు. వార్డు బయట బెంచీ మీద కూర్చుని, ఒళ్లో చార్టు పెట్టుకుని, నాలుగు పూటల అంకెలూ నింపి లోపలికి వచ్చేవాడు. సిస్టరమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చూసేది. ఐదో రోజున కాగితం మడిచి పక్కన పెట్టింది.

“నాలుగు పూటలకీ ఒకే పెన్ను, ఒకే వాలు, ఒకే పద్దెనిమిది. బెంచీ మీద కూర్చుని రాసిన చార్టులు నా సర్వీసులో ఎన్ని చూశానో తెలుసా మీకు?”

టైలరు పెన్ను జేబులో దాచుకున్నాడు.

“టబ్బును చూసి ఎన్ని రోజులైంది?”

“నువ్వు పడ్డ రోజు నుంచి చూడలేదు.”

“మరి స్నానం?”

“గోడవైపు తిరిగి చేస్తున్నాను.” ఆయన స్టూలు మీద ముడుచుకుపోయాడు. “భయం వేసింది సిస్టరమ్మా. నీ కాలు ఎలా ఉంటుందోనని ఒక భయం. అది చచ్చిపోతే నీకెలా చెప్పాలోనని ఇంకో భయం. రెండూ ఒక్కణ్ని మొయ్యలేకపోయాను.”

సిస్టరమ్మ ఆయన చొక్కా కాలరు సర్ది, “ఇంటికెళ్లి చూసి ఫోన్ చెయ్యండి. ఏదైనా ఫర్వాలేదు,” అంది.

అరగంటకు ఫోన్ మోగింది.

“ఉన్నాయి,” అన్నాడు టైలరు.

“ఎన్ని?”

“లెక్క తెలియడం లేదోయ్. చొక్కా గుండీలంత కొన్ని, కోటు గుండీలంత చాలా. మధ్యలో రెండు మాత్రం పెద్ద కాలర్లలా విచ్చుకున్నాయి.”

“టవలు తీసి చూశారా?”

“టవలు ఎక్కడుంది, ఆ రోజు నేల తుడిచాను కదా. మూత కూడా ఒరిగిపోయి ఉంది. గాలి బాగా ఆడుతోంది.”

సిస్టరమ్మ ఫోను ఒళ్లో పెట్టుకుంది. నాలుగు మడతల తడి టవలు, బిగించిన మూత, ఎనిమిది పూటల నీళ్లు ఒక్కొక్కటే కళ్ల ముందు తిరిగాయి.

“ఊపిరి ఆడనివ్వలేదు నేను,” అంది మెల్లగా.

మందులు ఇవ్వడానికి వచ్చిన చిన్న సిస్టరు ఆగిపోయింది. “ఎవరికి మేడమ్?”

“మా ఇంట్లో ఒక పేషెంటు ఉందిలే.”

మర్నాడు డిశ్చార్జి అయింది. బాత్‌రూము గుమ్మంలో కుర్చీ వేయించుకుని, కట్టుకాలు పీట మీద చాపుకుని కూర్చుంది. టైలరు మోకాళ్ల మీద వంగి కోశాడు. ఆయన మెలితిప్పే తీరు ఆమెకు నచ్చలేదు. అయినా చేతులు ఒళ్లోనే పెట్టుకుంది. మొదటి కాపంత లేదు గానీ బుట్టెడు అయ్యాయి. సగం వార్డుకు పంపింది.

ఆ తర్వాత ఆమె కాలు నేల మీద ఆనడానికి ఆరు వారాలు పట్టింది. ఈలోగా టబ్బు బాధ్యత టైలరుది. రోజుకొకసారి మట్టిని వేలితో తాకి, ఆరినట్టుంటే రెండు చల్లులు చల్లి వచ్చేవాడు. ఆమె మంచం మీంచి అడిగేది, “ఏమంటోంది?”

“ఏమీ అనడం లేదు.”

“సరే, అననప్పుడు అడక్కండి.”

మూడో కాపులో పదకొండే వచ్చాయి, అవీ బక్కపలచనివి. దాంతో టబ్బు సత్తువ అయిపోయింది. మట్టీ ఎరువూ తీసుకెళ్లి కింది వాటా వాళ్ల పూలకుండీల్లో పోశారు. సిస్టరమ్మ చేతికర్రతో నడవడం మొదలుపెట్టాక, కొత్తగా చేరిన నర్సులకు పాఠం చెప్పమని చిన్న సిస్టరు వచ్చి పిలిచింది. వారానికి రెండు రోజులు వెళుతోంది.

ఒక ఆదివారం కూతురు ఫోన్ చేసి, ఇంకో టబ్బు తేనా అని అడిగింది.

“తీసుకురా,” అంది సిస్టరమ్మ. “ఈసారి మీ నాన్న పేరు మీద తీసుకురా.”

అవతలి గదిలో ఆ మాట విన్న టైలరు ఆ పూట సూదిలో దారం ఎక్కించడానికి ఏడుసార్లు ప్రయత్నించాడు.