కాశమ్మ మొక్కుకోడి

కాశమ్మ మైసమ్మ తల్లికే టోపీ పెట్టిందని గౌలిపుర గల్లీలో అందరూ చెప్పుకుంటారు. బోనాలకు మొక్కిన పుంజును గుడిదాకా తీసుకెళ్లి, కోయించకుండా తెచ్చుకుందట. ఇంట్లోనే కోసుకు తిని, అచ్చం అలాంటిదే ఇంకో పుంజును తెచ్చి మొగుడి ఒళ్లో కూర్చోబెట్టిందట. మొక్కుకోడి కాలికి పసుపుగుడ్డ ఉండాలి కదా, ఈ కోడికి లేదు. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఎదురింటి లలితమ్మ మసాలా వాసన కూడా పట్టింది. కోడి ఎముకల్ని పీల్చి పిప్పి చేస్తే తప్ప పళ్లెం ముందు నుంచి లేవని కాశమ్మ గురించి ఈ మాట నమ్మడం ఎవరికీ కష్టం కాలేదు.

సంగతంతా ఆమె భర్త కృష్ణయ్య కుడిచెయ్యితో మొదలైంది. బర్రెల పాలు పితికి పితికి ఇనుములా మారిన చెయ్యి అది. పక్షవాతం వచ్చి ఆ చెయ్యి పడిపోయింది కానీ ఆయన కోపం పడిపోలేదు. నిద్ర పట్టేది కాదు, బీపీ దిగేది కాదు. ఎడమచేత్తో పళ్లేలు విసిరేవాడు. గురి కుదరక ఎప్పుడూ గోడకే తగిలేవి.

కాశమ్మ ఒక పుంజుపిల్లను కొని, కాలికి పసుపుగుడ్డ కట్టి మొక్కింది. "ఈయన చెయ్యి లేస్తే బోనాలకు ఇదే నీకు తల్లీ."

గుడ్డ కట్టాక ఆ కోడి అమ్మవారి సొత్తు. పిల్లి ఎత్తుకుపోతే ఎవరు జవాబు చెప్పాలి? అందుకని మంచం మీద ఉన్న మొగుణ్ణే కాపలా పెట్టింది.

"ఉత్తగనే కూసున్నవు గద, దీన్ని జర చూస్కో."

"నేను పాలోణ్ణే. కోళ్లోణ్ణి గాదు," అని కృష్ణయ్య మొహం తిప్పుకున్నాడు.

కొన్నాళ్లకే ఆ కోడికి నవాబు అని పేరు పెట్టింది ఆయనే. నవాబు ఆయన ఒళ్లో కునుకు తీసేది. ఎవరూ చెప్పకుండానే ఆ చచ్చుబడిన చెయ్యి మెల్లగా దాని వీపు మీదికి జరిగింది. ఆయనకు నిద్ర పట్టడం చూసి కాశమ్మ కూడా చాలా రోజుల తర్వాత కళ్లు మూసుకుని నిద్రపోయింది.

డాక్టరు స్రవ్య దవాఖానలో రబ్బరు బంతి పిసకమంటే "నేనేమన్న చిన్నపిలగాన్నా?" అని విసిరేసిన మనిషి, నవాబుకు పెట్టడానికి జొన్నగింజల్ని వేళ్లతో ఒక్కొక్కటే ఏరాడు. నవాబు రాకుంటే దవాఖాన మెట్టెక్కనని మొండికేశాడు. స్రవ్య నెత్తి పట్టుకుని, చివరికి షరతులు పెట్టింది. కోడి కాళ్లు కడగాలి. ముట్టుకున్నవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. నేల పాడు కాకూడదు. ఈ చివరి షరతు కోసం కాశమ్మ పాత జాకెట్టు చించి నవాబుకు లంగోటీ కుట్టింది.

చాయ్ పడి చెయ్యి కాలిన సోనీ అనే చిన్నపిల్ల ఆ దవాఖానకు వచ్చేది. కట్టు మార్చేటప్పుడు ఆ పిల్ల అరుపులు గల్లీ చివరిదాకా వినిపించేవి. ఒక రోజు లంగోటీ కట్టుకున్న నవాబును చూసి అరవడం మరిచిపోయింది.

"తాతా, దీనికి గూడ కట్టు కట్టిండ్రా?"

"కట్టిండ్రు బిడ్డా. ఏడుస్తున్నదా సూడు."

సోనీ దాని మెడ నిమురుతుండగానే కట్టు మారిపోయింది.

అక్కడికే వచ్చే గల్లీ కుర్రాడు ప్రణీత్‌ది ఇంకో బాధ. ఉద్యోగం ఇంటర్వ్యూ అంటే చాలు, అతని గుండె దడదడలాడేది. బీపీ పట్టీ చూస్తేనే చెమటలు పట్టేవి. దోస్తులెవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, అతనూ నవాబును ఒళ్లో పెట్టుకున్నాడు. బీపీ అంకె దిగింది.

"చెయ్యి మెత్తటిదాని మీద ఉంటే ఊపిరి నిమ్మళమైతది," అంది స్రవ్య. "అట్లని గోలీలు బంద్ చెయ్యకుండ్రి. కోడి గోలీ గాదు."

ఆషాఢం వచ్చి బోనాలు దగ్గరపడేసరికి కృష్ణయ్య కుడిచేత్తో గ్లాసెత్తి చాయ్ తాగాడు. గల్లీ అంతా సంబరపడింది. కాశమ్మ ఒక్కతే నవాబు కాలి పసుపుగుడ్డ వైపు చూసింది.

"చికెన్ సెంటర్‌ల ఇంకోటి తెచ్చి కొయ్యి వదినె. అమ్మకేం ఎరుకైతది?" అంది లలితమ్మ.

"గుడ్డ కట్టినప్పుడు చూసింది ఆమెనే గద. మొక్కు తప్పితే, ఆయన చెయ్యి మల్ల పడిపోతే, నువ్వొచ్చి తినిపిస్తవా?"

బోనాల పొద్దున నవాబు కనిపించలేదు. కృష్ణయ్య నిండా దుప్పటి కప్పుకుని మూలుగుతున్నాడు.

"కోడేది?"

"నాకేమెరుక? నాకు చలిజొరమొచ్చింది."

అంతలో దుప్పటి కూత పెట్టింది.

కాశమ్మ దుప్పటి లాగేసింది. కృష్ణయ్య రెండు చేతులతోనూ నవాబును గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

"నేనియ్య. ఈ చెయ్యి మల్ల పడిపోతే పడిపోనీ."

"ఇంకోపాలి అన్నవంటే నోట్ల బెల్లం కుక్కుత!" అని కసిరి, కోడిని లాక్కుంది.

నెత్తిన బోనం, చంకలో నవాబు. గుడి ముందు కోళ్లు కోసే ఎల్లేష్ చెయ్యి చాచాడు.

"జల్ది ఇయ్యి పెద్దమ్మా, ఎనక మస్తు మంది ఉన్నరు."

"ఆగు. మాకు జర మాటలున్నయి."

"ఎవలతోని?"

"నీతోనైతే గాదు."

అమ్మవారి వైపు చూస్తూ కాశమ్మ చాలాసేపు గొణిగింది. బేరమాడినట్టు తల అడ్డంగా ఊపింది. ఒకసారి కళ్లు తుడుచుకుంది. వెనక లొల్లి మొదలైంది. అప్పుడు నవాబు కాలి పసుపుగుడ్డ విప్పి, తన మణికట్టుకు గాజుల వెనక కట్టుకుని, కోడితో సహా వెనక్కి తిరిగింది. ఎల్లేష్ తన ఖాళీ చేతుల వైపు చూసుకున్నాడు.

ఆ సాయంత్రం లలితమ్మకు మసాలా వాసన వచ్చిన మాట నిజమే. ఆమె సొంత పొయ్యి మీదే కోడికూర ఉడుకుతోంది మరి. సంగతేంటో చూసి రావచ్చని ఒక గిన్నెలో కూర తెచ్చింది. మంచం మీది పుంజును ఎగాదిగా చూసింది. కాలికి గుడ్డ లేదని గమనించింది. గాజుల వైపు చూడలేదు.

కృష్ణయ్య నవాబు మొహాన్ని గోడవైపు తిప్పి, కుడిచేత్తో ఆ కూరంతా తిన్నాడు. కాశమ్మ పచ్చిపులుసు పోసుకుంది.

నవాబు ఇప్పటికీ లంగోటీ కట్టుకుని దవాఖానకు పోతోంది. పసుపుగుడ్డ తన మణికట్టుకు కట్టుకున్న ఆ బోనాల నుంచి కాశమ్మ కోడికూర ముట్టలేదు.