గోడ చెప్పిన తారీఖు

మా ఆఫీసు కంప్యూటరమ్మ పోయింది. కురవి దగ్గరి తండా నుంచి ఆమె కూతురు ఫోన్ చేసి, "తాతా, అమ్మ పొద్దున ఆరున్నరకు పోయింది" అని చెప్పింది. ఏడుస్తూ కూడా వేళ సరిగ్గా చెప్పింది. తల్లి పెంపకం అలాంటిది. కిడ్నీల జబ్బుతో మూడు నెలలు దవాఖానలో ఉండి, ఇక చాలు ఇంటికి తీసుకుపొమ్మందట.

మంచి మనిషి పోయిందని నాలుగు మాటలు రాసి ఊరుకునే ఓపిక నాకు లేదు. ఆమెను ద్రోహి అన్నవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. దండలు పట్టుకుని వస్తున్నారు కూడా. వాళ్లు చదవాలనే ఇది రాస్తున్నాను.

జనగామలో మా ఆఫీసు పేరు అవసరం లేదు. జనం దగ్గర దరఖాస్తులు తీసుకునే ఆఫీసు అనుకోండి. నేను అందులో సీనియర్ అసిస్టెంటును. ఆమె కంప్యూటర్ ఆపరేటర్, కానీ దరఖాస్తులు నమోదు చేసే ప్రోగ్రాం ఆమే కూర్చుని రాసింది. జనం పెట్టిన పేరు కంప్యూటరమ్మ. ఇంట్లో లంబాడీ, ఆఫీసులో తెలుగు, యంత్రంతో మరో భాష. మూడింటిలోనూ తక్కువే మాట్లాడేది.

రోజు అనేది మనకు చాలా తేలిక. పొద్దు పొడుస్తుంది, పొద్దు గూకుతుంది. యంత్రానికి అన్నిటికన్నా కష్టమైంది అదేనని నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను. అంతకుముందు పైనుంచి వచ్చిన ప్రోగ్రాం పుట్టిన సంవత్సరంలో చివరి రెండంకెలే అడిగేది. చిల్పూర్ నుంచి వచ్చిన ఒక ముసలాయన పుట్టింది ఇరవై ఎనిమిదిలో. యంత్రం దాన్ని రెండువేల ఇరవై ఎనిమిది అనుకుంది. వయసు లెక్క కడితే ఆయన ఇంకా పుట్టనే లేదని వచ్చింది.

"ఏమంటుంది బిడ్డా నీ డబ్బా?"

"నువ్వింక పుట్టలేదంటుంది తాతా. ఇంక పదిహేడేండ్లు ఆగాల్నట."

"మంచిగైంది. గప్పటిదాంక ముసలిదాని తిట్లు తప్పినయి."

ఆఫీసంతా నవ్వింది. ఆమె మాత్రం నవ్వుతూనే పాత ప్రోగ్రాం మూసేసి, తన ప్రోగ్రాం మొదలుపెట్టింది.

తండాల నుంచి వచ్చే తల్లులను పిల్లలు ఎప్పుడు పుట్టారని అడిగితే "తీజ్ పండుగ మొలకలు నీళ్లల్ల కలిపిన తెల్లారి" అనేవారు. యంత్రం అది తీసుకోదు, గడి ఖాళీగానూ ఉండనివ్వదు. బడి పంతుళ్లు అందరికీ జూన్ నెల రాసేసి చేతులు దులుపుకున్నారు. మా కంప్యూటరమ్మ పుట్టినరోజు కూడా వాళ్లు అలా రాసిందే. అందుకని తన ప్రోగ్రాంలో ఇంకో గడి కలిపింది, 'వాళ్లు చెప్పిన మాట' అని. కోస్తా నుంచి వచ్చిన మా ఆఫీసరుకు అది నచ్చలేదు. "ఇది కథలు రాసుకునే ఆఫీసు కాదమ్మా. అయినా తారీఖు ఏంటి, తేదీ అనడం రాదా?" అన్నాడు. ఆమె ఆ గడి తీయలేదు, ఆ మాటా మానలేదు.

శివరాత్రికి జరిగే కురవి జాతర సెలవును రాబోయే ఏళ్లన్నిటికీ ఒకేసారి ఎక్కించమని ఆయనే మరోసారి హుకుం జారీ చేశాడు. శివరాత్రి ఏటా ఒకే తేదీకి రాదు. వారం రోజులు తల పట్టుకుని, చివరికి ఏటికేడు పంచాంగం చూసి చేత్తోనే ఎక్కిస్తానంది. "చంద్రుడు మన హాజరు పట్టీల సంతకం పెట్టడు గద సారూ" అంది నాతో.

ఇప్పుడు అసలు సంగతి. మా కంప్యూటర్ లోపల గడియారాన్ని నడిపే బిళ్లంత సెల్ ఒకటి అయిపోయింది. కరెంటు పోతే చాలు, యంత్రం రోజు మరిచిపోయేది. మళ్లీ తెరిచినప్పుడు ఇవాళ ఏ తేదీ అని అడిగేది. కొత్త సెల్ కావాలని ఆమె మూడుసార్లు కాగితం పెట్టింది. "గోడకు క్యాలెండర్ ఉంది కదా, చూసి కొట్టు" అన్నాడు ఆఫీసరు. అప్పటి నుంచి అదొక ఆనవాయితీ అయింది. ఆమె పొద్దున రాగానే గోడ మీది క్యాలెండర్లో నిన్నటి కాగితం చింపేది. ఆనాటి పేపరుతో సరిచూసేది. ఆ తర్వాతే యంత్రానికి తేదీ చెప్పేది. "గోడ తప్పు చెప్తే డబ్బా తప్పు చెప్తది సారూ. డబ్బా చెప్పినంక దేవుడొచ్చి చెప్పినా ఎవ్వడు నమ్మడు" అనేది.

ఆ రోజుల్లోనే మా ఉద్యోగుల సంఘం నాయకుడు తన తమ్ముడి కొడుకు దరఖాస్తు పట్టుకుని వచ్చాడు. గడువు దాటి రెండు రోజులైంది.

"చెల్లె, అంతా నీ చేతుల్నే ఉన్నది. డబ్బాల తారీఖు జర ఎనుకకు జరుపు."

"అది నా చేతుల లేదన్నా. ఇయ్యాలేందో గదే కొడ్త."

ఆయన నవ్వి వెళ్లిపోయాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

తెలంగాణ కోసం ఉద్యోగులందరం సమ్మెకు దిగాం. ముందురోజు సాయంత్రం ఆఫీసు మూసేటప్పుడు, ఏనాడూ చేయని పని ఆమె ఒకటి చేసింది. ఆనాటి కాగితాన్ని ఆ సాయంత్రమే చింపేసింది. "రేపు మనం రాం గద. సమ్మె మొదటి దినం గోడ మీద కనవడాలె" అంది. చిన్నపిల్లలా మురిసిపోయింది. మర్నాడు చౌరస్తా శిబిరంలో నా పక్కనే కూర్చుని జొన్నరొట్టె సగం విరిచి నాకు పెట్టింది. ఆమె చేతికి నీళ్ల ప్యాకెట్టు అందించింది ఆ నాయకుడే.

మూడు వారాల తర్వాత, పని జరుగుతోందని పైవాళ్లకు చూపించడానికి ఆఫీసరు తానే తాళం తీశాడు. మా అందరి పాస్‌వర్డులూ కవర్లో పెట్టి తన సొరుగులో ఉంచాలన్న నియమం ఆయనదే. ఆ కవరు చింపి ఆమె పేరుతో లోపలికి వెళ్లాడు. యంత్రం తేదీ అడిగింది. ఆయన గోడ వైపు చూశాడు. గోడ మీద సమ్మె మొదటి రోజు ఉంది. అదే కొట్టాడు. ఆ ఆఫీసులో తేదీ గురించి ఆలోచించే పని ఎప్పుడూ ఆమెదే మరి. పోగుపడ్డ దరఖాస్తులన్నీ ఆమె పేరు మీద, ఆ ఒక్క రోజు మీద ఎక్కాయి. ఇదంతా కాపలాదారు తర్వాత మాకు గుసగుసగా చెప్పాడు. నలుగురిలో చెప్పమంటే, పిల్లలు గలవాణ్ణని చేతులు జోడించాడు.

సమ్మె ముగిసి వచ్చిన రోజున ఆమె యంత్రం తెరిచి చాలాసేపు చూసింది. తర్వాత గోడ వైపు తిరిగింది.

"సారూ, నేను చౌరస్తల కూసున్న దినం గీడ పనిజేసిన్నట."

ఆఫీసరును అడిగితే తడుముకోకుండా "ఆ రోజు ఆవిడ వచ్చింది, నేనే చూశాను" అన్నాడు. కవరు చింపిన సంగతి ఒప్పుకుంటే ఆయన ఉద్యోగానికే ముప్పు. రాజులు తమ పేరున శకాలు మొదలుపెట్టుకున్నారని చరిత్రలో చదివాను. తన కుర్చీ కోసం ఒకామె బతుకులోంచి ఒక రోజును దొంగిలించినవాణ్ణి మాత్రం అప్పుడే చూశాను.

అయినా ఆయన పరాయివాడు. నా కక్షంతా మనవాడి మీదే. సంఘం సమావేశంలో నాయకుడు సమ్మె మొదటి రోజున ఆమె పనిచేసినట్టున్న అచ్చు కాగితం పైకెత్తి పట్టుకుని, "కంప్యూటర్ అబద్ధం చెప్తదా?" అని అడిగాడు.

"అది ఏం చెప్పదన్నా. మనిషి ఏం చెప్తే గదే మల్ల చెప్తది. నాకు నీళ్లిచ్చింది నువ్వే గదనే!"

"ఎందరికో ఇచ్చిన. అందరి మొఖాలు యాదికుంటయా?"

నేను లేచి, నా పక్కనే కూర్చుందన్నాను. "పెద్దమనిషివి సారూ, ఈ వయసుల దినాలు కలగాపులగం అయితయి" అన్నాడు. కొందరు నవ్వారు. అక్కడే కూర్చుని సాక్ష్యం రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అది మళ్లీ వెలుగు చూడలేదు. ముప్పై ఏళ్లు ప్రతి కాగితానికీ నకలు ఉంచుకున్నవాణ్ణి. ఆ ఒక్కదానికి ఉంచుకోలేదు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం ఆమె అన్నం డబ్బా తెరిస్తే పక్కవాళ్లు తమ డబ్బాలు తీసుకుని లేచిపోయేవారు. నెల తిరగకముందే భూపాలపల్లికి బదిలీ చేశారు. సంఘం ఒక్క మాట అడ్డం చెప్పలేదు. వెళ్లేరోజు ఆమె గోడ మీది క్యాలెండర్‌ను, అదే సమ్మె మొదటి రోజు కాగితంతో, సంచిలో పెట్టుకుంది. రాష్ట్రం వచ్చిన రోజున జనగామలో మిఠాయిలు పంచుకుంటుంటే ఆమె నుంచి ఫోన్ వచ్చింది. "పేపరుతోని సరిచూసినరా సారూ? ఇయ్యాల నిజమేనా?" అంది. నిజమేనన్నాను.

ఆమె దినకర్మ నాడు తండాకు వెళ్లాను. నాయకుడు కారులో వచ్చాడు. ఇప్పుడు ఆయనకు పదవి ఉంది. ఫొటోకు దండ వేసి, "ఉద్యమంల మొదటి దినం నుంచి మా ఎంబడి ఉన్న చెల్లె" అన్నాడు. మొదటి దినం నుంచి! ఆ మాట కోసం ఆమె చచ్చేదాకా ఎదురుచూసింది.

తర్వాత గోడ వైపు చూసి, కూతురితో అన్నాడు:

"గీ పాత క్యాలెండర్ ఏంది బిడ్డా? తీసెయ్యరాదు? ఫొటోకు జాగైతది."

ఆ పిల్ల నా వైపు చూసింది.

"దగ్గరికి పోయి చదువు తమ్మీ," అన్నాను ఆయనతో. "ఏ తారీఖో అందరికీ వినవడేటట్టు చదువు."

ఆయన లేచి వెళ్లాడు. నెల చదివాడు, అంకె చదివాడు, పెదవులతోనే. అందరూ ఆయన వీపు వైపే చూస్తున్నారు. పైన ఫ్యాను తిరుగుతోంది. ఎవరూ చింపని సమ్మె రోజులన్నీ ఆ గాలికి కాగితం కింద ఒక్కసారి లేచి, మళ్లీ ఆ కాగితంతోనే గోడకు ఆనుకున్నాయి.