చెలమ నీళ్లతో కడిగిన స్లైడు

మొన్న పొద్దున ఒక అమ్మాయి ఇంటికే వచ్చి నా రక్తం తీసుకుపోయింది. మన వయసుకు వచ్చాక ఇలాంటి అమ్మాయిలు పాలవాళ్ల మాదిరి తరచుగా గుమ్మంలో కనిపిస్తూనే ఉంటారు కదా. రబ్బరు పట్టీ కట్టడం, నరం వెతుక్కోవడం, సూది గుచ్చడం అన్నీ చక్కగానే చేసింది; తప్పు పట్టుకుందామని సిద్ధంగా కూర్చున్న నాకు ఒక్క తప్పూ దొరకలేదు. పోయేముందు ఉండబట్టలేక, స్లైడు కూడా వేసి చూస్తారా అమ్మా అని అడిగాను. అన్నీ మిషనే చూసుకుంటుంది ఆంటీ అని నవ్వి స్కూటీ ఎక్కేసింది. మధ్యాహ్నం నేను అన్నానికి కూర్చునేలోపలే రిపోర్టు ఫోనులోకి వచ్చి పడింది. ఉద్యోగమంతా మైక్రోస్కోపు ముందు వంగి కూర్చుని మెడ నొప్పి సంపాదించుకున్న దాన్ని కాబట్టి, ఆ వేగం చూసి సంతోషించాలో చిన్నబుచ్చుకోవాలో తెలియలేదు. ఆ రోజంతా కదిరి గుర్తుకొస్తూనే ఉంది.

నేను ల్యాబ్ టెక్నీషియన్ పని నేర్చుకున్నది కదిరిలో, ఒక చిన్న కమ్యూనిటీ కాలేజీలో. అంతకుముందు అది వేరుశనగ కాయలు, అంటే మా వైపు బుడ్డలు, నిల్వచేసే గోడౌను. సున్నం వేసి బల్లలు వేసినా వాసన పోలేదు. నేల పగుళ్లలోంచి బుడ్డల పొట్టు ఎప్పుడూ లేస్తూనే ఉండేది. మైక్రోస్కోపులకు బల్బులు లేవు. అడుగున ఉన్న అద్దాన్ని కిటికీ వైపు తిప్పి, ఎండను పట్టుకుని, ఆ వెలుతురులో చూడాలి. ఎండ జరిగితే మేమూ స్టూళ్లు జరుపుకునేవాళ్లం. మబ్బు పట్టిందంటే ఊరంతా ఆశగా తలలెత్తి చూస్తుంటే, లోపల మేము మాత్రం వెలుతురు పోయిందని మబ్బును తిట్టుకునేవాళ్లం.

రక్తం తీయడం ఒకరి చేతుల మీద ఒకరం నేర్చుకున్నాం. నా జోడీ గుత్తి నుంచి వచ్చిన స్నేహితురాలు, రైల్వేలో పనిచేసే ఆయన కూతురు, హాస్టల్లో నా గదిలోనే ఉండేది. నా ఎడమ చేయి ఆమెకు సొంత పొలం కిందే లెక్క. ఇష్టమొచ్చిన చోట దున్నేది. మూడు ముక్కలు చెబితే చాలు పాఠమంతా వచ్చేసిందనుకునే రకం. అయినా ఆమెలాంటి మంచి మనిషిని నేను తర్వాత ఎక్కువ మందిని చూడలేదు.

నన్ను అక్కడికి పంపడం మా నాయనకు ఇష్టం లేదు. మాది నల్లమాడ దగ్గర పల్లె, వాన పడితేనే పంట. ఆడపిల్లకు చదువెందుకనే మనిషి కాదాయన. ఆయన దిగులంతా వేరు. నాయనకు ఒకే చెల్లెలు, మా అత్త. పెళ్లై దూరపు ఊరికి పోయి, ఆరునెలలు తిరగకముందే జ్వరంతో పోయింది. కబురు వచ్చేసరికి అంతా అయిపోయింది. అప్పటినుంచీ ఊరుగాని ఊళ్లో మనవాళ్లకు జ్వరం వస్తుందనే భయం నాయనలో ఉండిపోయింది. కదిరి బస్సు ఎక్కించేటప్పుడు ఒకే షరతు పెట్టాడు: ఒంట్లో బాగాలేదని ఒక్క మాట చెవిన పడితే పెట్టె సర్దుకుని ఇంటికి రావాలి, మళ్లీ పోయే మాట లేదు. నేను సరేనన్నాను. ఆ వయసులో నాకు జబ్బు ఎందుకు చేస్తుందనుకున్నాను.

ఇక్కడ నీళ్ల సంగతి కొంచెం చెప్పాలి. స్లైడు మీద రక్తాన్ని పలచగా పూసి, ఆరాక రంగు పోసి, డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. ఆ నీళ్లు కాలేజీలోనే కాచి పట్టేవాళ్లం. ఆవిరిని చల్లార్చడానికి గొట్టం చుట్టూ నీళ్లు పారుతూనే ఉండాలి కాబట్టి, ఒక సీసా మంచి నీళ్లు దిగేసరికి ఎన్నో బిందెల నీళ్లు కాలువ పాలయ్యేవి. మేము ఆ వేడినీళ్లను బకెట్లకు పట్టి హాస్టల్‌కు మోసుకుపోయి స్నానాలు చేసేవాళ్లం, అయినా సగం పోయేవి. ఆ సంవత్సరం వానలు మొహం చాటేశాయి. వీధిలో ట్యాంకరు వచ్చిందంటే ఆడవాళ్లు బిందెలతో కొట్లాడుకునేవాళ్లు. కాలేజీ అటెండరన్న ఒకరోజు మా మీద విరుచుకుపడ్డాడు: “ఊరంతా గుక్కెడు నీళ్లకు సస్తాంటే, మీరు సీసాడు నీళ్ల కోసరం ఇన్ని నీళ్లు మోరీలోకి ఇడస్తాండారే, మనుషులేనామ్మా మీరు?” అతని మాట నిజమే. మాకు పాఠాలు చెప్పే మేడమ్ ఆ రోజే ఆ నీళ్లు కాచే పరికరాన్ని ఆపించి, గుడ్డ కప్పించింది.

నిల్వ ఉన్న సీసాలు అయిపోయాక మేడమ్ అనంతపురం వెళ్లింది, తన తల్లికి కంటి ఆపరేషను చేయించి, వచ్చేటప్పుడు డిస్టిల్డ్ వాటర్ తెస్తానని. తాను వచ్చేవరకు స్లైడుకు రంగు వేయవద్దని మరీ మరీ చెప్పింది. నా స్నేహితురాలి చేతులు ఊరుకుంటాయా? నా వేలు గుచ్చి, స్లైడు వేసి, రంగు పోసి, కాలేజీ బోరు నీళ్లతోనే కడిగేసింది. మా బోర్ల నీళ్లు మీకు తెలియనివి కావు. కాచిన గిన్నె లోపల తెల్లగా సున్నం కడుతుంది, సబ్బు నురగ రాదు, కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది.

అద్దం కిటికీకి తిప్పి చూసి, ఆమె నా భుజం పట్టుకుని ఊపేసింది. “మే, నీకు మలేరియా ఉండాది మే!”

నేనూ చూశాను. గులాబీ రంగులో ఉండాల్సిన ఎర్ర కణాలు బూడిద నీలంగా ఉన్నాయి, ఒక్కో దాని మీదా ముదురు చుక్కలు. పుస్తకంలో మలేరియా పురుగు బొమ్మ అచ్చం అట్లాగే ఉన్నట్టు తోచింది. ఇంకొకరి రక్తం కూడా అదే నీళ్లతో కడిగి చూసి ఉంటే సంగతి అక్కడికక్కడే తేలిపోయేది. కానీ నాకు మలేరియా ఉందని తెలిశాక మిగతావాళ్లెవరూ వేలు చాపలేదు. ఎవరి రక్తంలో ఏం బయటపడుతుందోనని అందరికీ భయం. సాయంత్రానికి నాకు నిజంగానే వణుకు పుట్టింది. మనసు అనుకుంటే ఒళ్లు వింటుందని నాకు ఆ రోజే తెలిసింది.

అటెండరన్న తమ్ముడు నల్లమాడ బస్సులో కండక్టరు. కబురు ఆ బస్సులోనే మా ఊరికి పోయింది, పోతూ పోతూ పెద్దదైంది. మరుసటి పొద్దున మొదటి బస్సుకే నాయన కాలేజీ ముందు దిగాడు. భుజాన తువ్వాలు, చేతిలో మూత బిగించిన ప్లాస్టిక్ క్యాను. మా ఊరి వంకలో, అంటే వాగులో, ఇసుక తవ్వితే ఊరే చెలమ నీళ్లవి. కదిరి నీళ్లు నాకు పడలేదని, అందుకే జ్వరమని దారిలోనే తేల్చేసుకుని, ఇంటికి చేరేదాకా తాగించడానికి తెచ్చాడు. జబ్బు పడ్డవాళ్లకు ఊరి నీళ్లు తీసుకుపోవడం మా వైపు మామూలే.

సరిగ్గా ఆ పొద్దునే మేడమ్ కూడా అనంతపురం నుంచి దిగింది, ఉత్త చేతులతో; అక్కడా ఆ నీళ్లు దొరకలేదట. నాయన ఆమెకు దండం పెట్టి మరీ చెప్పాడు. “సదువూ వద్దు, ఏమీ వద్దు మేడమ్మా. మా సెల్లెల్ని ఇట్లే పోగొట్టుకొంటిమి. పాపను పిల్చుకపోతాండా.”

నేను గదిలోకి పోయి పెట్టె సర్దుకున్నాను. ఏడవలేదు. మాట ఇచ్చాను కాబట్టి పోవాలనే అనుకున్నాను. తిరిగి వచ్చేసరికి మేడమ్ ఆ నీలి స్లైడును చూస్తోంది, చూసి నా నుదుటి మీద చేయి పెట్టింది. ఇది నీళ్ల దోషమే అయుంటుంది, బోరు నీళ్ల సున్నం రంగును పాడుచేస్తుంది, పురుగు కాదు అంది. నాయన ఒప్పుకోలేదు. మంచి నీళ్లు లేనిదే ఆమె నిరూపించనూ లేదు. బస్సుకు ఇంకా సమయం ఉందని నాయన నా పెట్టె మీద కూర్చుని, మర్యాదకు క్యాను మూత తీసి గ్లాసెడు నీళ్లు ఆమెకూ పోశాడు. “తాగి సూడు మేడమ్మా. ఈ నీళ్లకు కందిపప్పు యెన్న మాదిరి ఉడుకుతాది.”

మేడమ్ సగం తాగి ఆగిపోయింది. మిగిలిన సగం ఒక సీసాలో పోసి, సబ్బు ముక్క వేసి ఊపింది. నురగ మూతి దాకా పొంగింది. ఇక ఆమె ఎవరి మాటా వినలేదు. నా వేలు మళ్లీ గుచ్చి, స్లైడు వేసి, దాన్ని నా స్నేహితురాలి చేతికే ఇచ్చి రంగు వేయించింది, నాయన క్యానులోని నీళ్లతో కడిగించింది. ఆరిన స్లైడును మేడమ్ ఈ మూల నుంచి ఆ మూలకు జరుపుతూ చాలాసేపు చూసింది. అంతసేపూ నా చదువు ఆ గాజు ముక్క మీదే ఉందని నాకు తెలుసు. అప్పుడు ఆమె తల ఎత్తి, నాయనను రమ్మని పిలిచింది.

నాయన మొదట రెండు కళ్లూ మూసుకున్నాడు. తర్వాత చూడాల్సిన కన్ను మూసి రెండో కన్ను తెరిచాడు. ఎట్టకేలకు కుదిరాక మాత్రం ఎంతకీ లేవలేదు. చుక్కలు లేవు. గులాబీ రంగులో గుండ్రటి కణాలు తేటగా పరుచుకుని ఉన్నాయి. “ఎర్రగా రాగులు ఆరబోసినట్లుండాయి,” అన్నాడు చివరికి. లేచి, నా వైపు తిరిగి, తానే డాక్టరైనట్టు తేల్చేశాడు. “అంతా బాగుండాది పాపా.”

పెట్టె తానే మోసుకుపోయి నా గదిలో పెట్టి, క్యాను నీళ్లన్నీ నన్నే తాగమని చెప్పి, బస్సెక్కి పోయాడు. నేను ఒక్క గ్లాసు తాగి, మిగిలినవి స్లైడులకు దాచాను. ఆ సంగతి తెలిశాక ఆయనేమీ అనుకోలేదు. కండక్టరు చేతికిచ్చి నెలనెలా ఒక క్యాను పంపించాడు. మా క్లాసు మొత్తం మా ఊరి వంక నీళ్లతోనే పరీక్ష పాసైంది.

ఆ తర్వాత చాలా ఏళ్లకు, నేను ప్రభుత్వాసుపత్రి ల్యాబులో కుదురుకున్నాక, నాయన నీరసమని నా దగ్గరికి వచ్చాడు. ఆయన వేలు నేనే గుచ్చాను, స్లైడు నేనే వేశాను. చూడగానే ఉండకూడనన్ని తెల్ల కణాలు గుంపులుగా కనిపించాయి, ఎర్రవి అక్కడక్కడా ఉన్నాయి. నీళ్ల దోషమేమోనని కొత్త సీసా తెరిచి ఇంకో స్లైడు వేశాను. అదీ అంతే. ఆ రోజు అవి బోరు నీళ్ల మరకలైతే ఎంత బాగుండునో అనుకున్నాను. నాయన స్టూలు జరుపుకుని వచ్చి, నేనూ చూస్తానన్నాడు. వద్దనలేకపోయాను. ఈసారి తడబడకుండా ఒక కన్ను మూసుకుని చూశాడు.

“రాగులు పల్చగుండాయే పాపా ఈతూరి.”

“అంతా బాగుండాది నాయనా,” అన్నాను.

ఆయన నా ముఖం చూసి నవ్వాడు. ఆ మాట తనదేనని గుర్తుపట్టాడు. నాయన ఆ ఎండాకాలం దాటలేదు.

ఇప్పుడు మా వంకలో చెలమ తవ్వడానికి ఇసుకే లేదు. ట్రాక్టర్లు ఎప్పుడో తోడుకుపోయాయి. ఇంటింటికీ నీళ్ల క్యాన్లు వస్తున్నాయి, కుక్కర్లో ఏ నీళ్లకైనా పప్పు ఉడుకుతోంది. స్లైడు కడగడం అలవాటే పోయిందంటే ఎవరినీ తప్పుపట్టలేను. నా రిపోర్టులో అంకెలన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి, మిషను నాకంటే బాగా లెక్కపెడుతుందని ఆ పని చేసినదాన్ని కాబట్టి నాకు తెలుసు. అయినా ఆ సాయంత్రం కళ్లజోడు పెట్టుకుని రిపోర్టును మొదటినుంచి చివరిదాకా మళ్లీ చదివాను. అన్నీ ఉన్నాయి గానీ, అంతా బాగుండాది పాపా అని మాత్రం అందులో ఎవరూ అనలేదు.