ముడి వేయని చేతులు

మా ముత్తాత జోడ్‌భావి పేట్‌లో నలభై మగ్గాల యజమాని. మా తాత కులపంచాయతీలో నోరు విప్పితే పేటంతా వినేది. ఆ ఇంటి కొలువులో చివరికి మిగిలింది పోగులు అతికే ముసలాయన ఒక్కడే. ముడి ఉంటే పోగు మగ్గం అచ్చు సన్నటి పళ్ల మధ్య ఇరుక్కుంటుందని, తెగిన పోగులను వేళ్లతో మెలిపెట్టి, గంజి అద్ది అతికేవాడు. ఆ ఒక్క విద్యకే కొండంత పొగరు.

ఎనభైల్లో ఒక వానాకాలం చెల్లెలి అత్తవారు భోజనానికి వస్తామన్నారు. కూరకు గతిలేక అతని వెంట హోట్గి రోడ్ చెరువుకు వెళ్లాను. నీరు గట్టు మీది తుమ్మపొదల దాకా ఎక్కింది.

"నడిమిట్ల ఏముంటది మాలక్? నీళ్లెక్కినంక జిలేబి చాపలన్నీ గీ తుమ్మలల్లకే వస్తయ్."

నిజమే, పొదల నడుమ అవి మెరుస్తున్నాయి. గాలపు దారం చాలక, వెంట తెచ్చుకున్న గంజి అద్ది మరో నూలుదారం అతికాడు.

"ముడెయ్యి కాకా. ఇది అచ్చుల దూరేది కాదు."

"ముడా? పని రానోడేస్తడు ముడి. నా ఇజ్జత్ పోతది."

అరచేయంత చేప పడింది. నీళ్లలో గంజి కరిగి అతుకు విడిపోయింది. చేపతోపాటు ఉన్న ఒక్క గాలమూ పోయింది.

"దారమే కచ్చా ఉండె," అన్నాడు సిగ్గులేకుండా.

మగ్గానికీ చెరువుకూ తేడా తెలియని పనితనాన్ని మెచ్చుకోవడం నాకు నేటికీ చేతకాదు. వియ్యాలవారికి ఉత్త పప్పు వడ్డించడం మా ఇంట లేదు. ఆ సాయంత్రం మాంసం కోసం నాయనమ్మ వెండి చెంబు అమ్మాము.