సర్పి తలా తోకా

ఆ రోజు నాచారంలో మా కంపెనీలో లేత్ మిషన్ ముందు నిలబడి ఉన్నాను. చొక్కా తగిలితే చాలు, ఎడమ డొక్క భగ్గుమంటోంది. గ్యాస్ అనుకుని గోలీ మింగి డ్యూటీ చేశాను.

మర్నాడు ఉప్పల్‌లో మా ఇంట్లో స్నానం చేస్తుంటే అక్కడే నీటిపొక్కులు వరసగా కనిపించాయి. నా భార్య సుజాత చూసి బెదిరిపోయింది.

“ఇది సర్పి. సూది ఏపిచ్చుకోవద్దు. కుమ్మరాయనతోని మన్ను రాపిద్దాం.”

సర్పి అంటే సర్పమే. పాకుతుంది కనుక ఆ పేరు. నడుము చుట్టి తలా తోకా కలిస్తే మనిషి దక్కడని మావైపు నమ్మకం. లేత్ మీద వెంట్రుకవాసి తేడా పట్టే నేను, ఆ మాట నమ్మి సుజాత వెంట బయల్దేరాను.

కుమ్మరాయన ఎర్రమన్ను తడిపి పొక్కుల చుట్టూ గీతలు గీశాడు. చల్లగా హాయిగానే ఉంది. “మూడు పొద్దులు రావాలె బిడ్డా” అన్నాడు. వెళ్లాం. రోజూ పొద్దున సుజాత, పొక్కులకూ వెన్నుపూసకూ మధ్య ఎంత ఖాళీ ఉందో చేత్తో కొలిచేది. మొదట జానెడు, తర్వాత బెత్తెడు. నాలుగోనాడు కొలవడానికేమీ మిగల్లేదు. ఏడుస్తూ ఆటో పిలిచింది.

దవాఖానాలో డాక్టరమ్మ చూడగానే “హెర్పిస్ జోస్టర్” అంది. చిన్నప్పుడు వచ్చిన చికెన్‌పాక్స్ వైరస్ నరంలో దాక్కుని ఇప్పుడు లేచిందట. “హెర్పిస్ అన్నా పాకేదనే అర్థం. గ్రీకులు కూడా మీలాగే పేరు పెట్టారు” అని నవ్వింది.

“తలా తోకా కలుస్తదా మేడం?” అని సుజాత అడిగింది.

“ఇది ఒక పక్క నరం వెంటే పోతుందమ్మా. వెన్నుపూస దాటి అటు పోదు. కానీ యాంటీవైరల్ మందు మొదటి మూడు రోజుల్లో పడాల్సింది. నొప్పి కొన్నాళ్లు ఉండొచ్చు.”

పొక్కులు మాడిపోయాయి, నొప్పి పోలేదు. న్యూరాల్జియా, అంటే నరం నొప్పి అన్నారు. కుట్టు తగలకుండా బనియన్ తిరగేసి తొడుక్కునేవాణ్ణి. బస్సులో మోచెయ్యి తగిలినవాళ్లందరితో గొడవే. ప్రాణం పోతుందన్న భయంతో పాము పొడవు చూశాం గానీ, పోతున్న రోజులు చూసుకోలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు నొప్పి అప్పుడప్పుడే వస్తోంది. నేను చెప్పేది ఒక్కటే: ఒకే పక్క మంట, వరసగా పొక్కులు కనిపిస్తే ఆ రోజే డాక్టరుకు చూపించండి. మన్ను తర్వాత రాయించుకోవచ్చు.

మొన్న నారపల్లి నుంచి సుజాత చెల్లెలు ఫోన్ చేసింది. డొక్క మీద పొక్కులు లేచాయట.

“ఎంత దూరం పాకిందో కొలవాల్నా అక్కా?”

“కొలుసుడు గిలుసుడు ఏం లేదు. ముందుగాల ఆటో ఎక్కు” అంది సుజాత.